రివర్సు హారన్

చీమకుర్తి హైస్కూలు గ్రౌండులో
తెల్లారుజామున నాలుగున్నరకి
ఒక లారీ వెనక్కొస్తుంటుంది.
లారీ ఉండదు. వెనక్కి రావడమే ఉంటుంది.
పీక్... పీక్... పీక్...
వేపకొమ్మకి వేలాడే బజరు,
పాత బైకు బ్యాటరీ తాగి బతికే గొంతు,
ఖాజావలి తన షెడ్డులో
టిప్పరు నుంచి విప్పి దాచినది.

క్వారీలో పదకొండేళ్ళు
ఆ కూత వినగానే పక్కకు దూకిన ఒళ్ళు ఇది.
మొదటిరోజు దాని మీదికే నడవమంటే
మోకాళ్ళు మాట వినలా.
"రావయ్యా మాలకొండయ్యా,
ఇది తొక్కేది కాదు, పిలిచేది"
అన్నాడు ఖాజావలి.
నమ్మడానికి వారం పట్టింది నాకు.

కళ్ళు పోయిందీ ఆ క్వారీలోనే.
పేలలేదనుకున్న మందు పేలింది.
ఆ సంగతి ఇక్కడొద్దు.
చెబితే అందరూ నిట్టూరుస్తారు,
నిట్టూర్పులు అన్ని వైపుల నుంచీ వస్తాయి,
దారి తెలియదు.

ఏడేళ్ళు మంచం మీదే.
సుగరు మూడొందల ఎనభై.
"రోజూ నడవాలి" అని డాక్టరు
చీటీ మీద రాసి,
చదువుకోమని నా చేతికే ఇచ్చాడు.

కొన్నాళ్ళు తువ్వాలుకి ఒక కొస నేను,
రెండో కొస మా మేనల్లుడు కోటేశు.
వాడికి నిద్ర, వాడికి ట్యూషను, వాడికి ఫోను.
వాడు లాగినప్పుడల్లా
మెడలో పలుపున్న ఎద్దుకి ఏం తెలుసో
అది నాకూ తెలిసింది.

ఇప్పుడు వేపచెట్టు దగ్గర హారన్.
గోలుపోస్టుకి నూనె డబ్బా,
లోపల నాలుగు గ్రానైటు పెళ్ళలు;
గాలి ఉంటేనే నోరు విప్పుతుంది.
మూడో మూల కొళాయి.
కారే ఆ చుక్కని బాగుచెయ్యొద్దని
మున్సిపాలిటీకి అర్జీ పెట్టిన మనిషిని
ఊళ్ళో నేనొక్కణ్ణే.
నాలుగో మూల ఏమీ కట్టలా.
అక్కడ గోడ ఉంది.
నా అడుగు పోయి దానికి తగిలి
నాకంటే ఒక గుక్క ముందు తిరిగొస్తుంది.

దారికి రెండు పక్కలా చిప్సు పోశాం.
అంచు దాటితే కరకర.
ఒకప్పుడు నా చెమటతో పగిలిన రాయే కావచ్చు,
ఇప్పుడు నన్ను కసురుకుంటుంది.

పోయిన నెల వాకింగు సంఘం వాళ్ళకి
ఆ కూత ప్రాణాయామానికి అడ్డమొచ్చింది.
ఎవరో వైరు పీకారు.
నేను గ్రౌండు నడిమధ్యన ఉన్నా.
గాలి లేదు, డబ్బా పలకలా.
మున్సిపాలిటీ నీళ్ళూ ఆరోజు రాలా.
అప్పుడు పడింది నాకు చీకటి.

నిలబడిపోయా.
ఎంతసేపో. చెమట ఆరేంతసేపు.
ఊడ్చే చీపురు ఆగింది ఎక్కడో.
"పీకు... పీకు... పీకు..."
వక్కాకు నమిలే నోటితో
స్వీపరు వెంగమ్మ!
నవ్వొచ్చి, ఆవిడకి ఊపిరి అందక,
మళ్ళీ పీకు.
ఆ గొంతు పట్టుకుని చెట్టుదాకా పోయా.
మర్నాటికి వైరు దానంతటదే అతుక్కుంది.
ఎవరతికించారో నేనడగలా.

పొదిలి నుంచి హెప్సిబా వస్తోంది ఆదివారాలు.
ఇంటరు పిల్ల, పుట్టుచూపు లేదు.
నేను నడిచే దారిలో అది పరిగెత్తుతుంది.
"బాబాయ్, ఈ హారన్ నిదానం,
నాకు వేగంగా కూసేది కావాలి" అంటుంది.
ఖాజావలి ఏదో విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు.

నా నడుముకొక మువ్వ కట్టాడు కూడా.
ఎందుకంటే,
ఫోను చూస్తూ నడిచే కళ్ళున్నోళ్ళకి
ఎదురొస్తున్నానని తెలియాలి గదా.

ఏడు చుట్లు. ఒక్కడినే.
ఇంటికి పోయేటప్పుడు రోడ్డు వారన
నిజం లారీ ఒకటి వెనక్కొస్తుంటుంది.
అదే కూత.
ఒక కాలు పక్కకు దూకుతుంది,
ఇంకో కాలు దాని మీదికి పోబోతుంది.
కర్ర ఆనించి నిలబడతా,
రెండు కాళ్ళూ ఒక మాట మీదికి వచ్చేదాకా.